పట్టాభిషేకం ఎవరికి?

నవంబరు 16, ఆదివారం

నా నవలని చంపేశారు. చంపి ఊరుకోకుండా పూలదండ కూడా వేశారు. ప్రివ్యూ హాల్లో సినిమా అయిపోయి లైట్లు వెలిగేసరికి ముందు వరసల్లోని బెంగాలీలందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

ముప్ఫై ఏళ్ళ క్రితం, బ్యాంకు వాళ్ళు నన్ను బడ్జ్ బడ్జ్ బ్రాంచిలో వేసిన రోజుల్లో రాసిన నవల ‘బౌరియా పడవ’. రాసింది అదొక్కటే. దాని ఆఖరి పేజీ చూసుకున్నాక ఒక్కటి చాలనుకున్నాను. బ్యాంకు ఆఫీసరు మాధవ్ హుగ్లీ నది రేవులో నిలబడి ఉంటాడు. పడవలోంచి నర్సు సమీర చెయ్యి చాపుతుంది. అతను ఎక్కడు. పడవ అవతల బౌరియా ఒడ్డుకి వెళ్ళిపోతుంది. అతను ఇంటికొస్తాడు. ‘భార్య తలుపు తీసింది. ఏమీ అడగలేదు.’ అంతే, సమాప్తం. ఈ రెండు వాక్యాల మీద అప్పట్లో ఒక విమర్శకుడు పెద్ద పేరా రాశాడు. త్యాగానికి ఇంతకన్నా నిశ్శబ్దమైన నిర్వచనం లేదన్నాడు. ఆ పేరా నాకిప్పటికీ నోటికొచ్చు.

సినిమాలో మాధవ్ పరిగెత్తుకొచ్చి, కదిలిన పడవలోకి దూకేస్తాడు. అంత మనిషి దూకితే పడవ ఊగాలి. పడవ ఊగలేదు, వయొలిన్లు ఊగాయి. సమీర ఏడుస్తుంది, అతను నవ్వుతాడు, సూర్యుడు సరిగ్గా వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి కూర్చుంటాడు. ఇంట్లో పెళ్ళాం ఉన్న సంగతి సూర్యుడికీ పట్టలేదు.

టాక్సీలో భానుమతి అంది, “బాగుందండీ. ముగింపు మరీ బాగుంది.”

ఇన్నేళ్ళలో నా నవల గురించి మా ఆవిడ నోరు విప్పి చెప్పిన మొదటి అభిప్రాయం ఇది. అదీ నేను రాయని పేజీ గురించి.

నవంబరు 17

నేరం ఎవరిదో తేల్చుకోవాలి. కోపంలో ఉన్నప్పుడు క్రమం ముఖ్యం.

మా చెల్లెలి కూతురు ప్రణతి ఈ ఊళ్ళోనే, ఖిదిర్‌పూర్‌లో పుట్టి పెరిగింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం “అన్నీ జిలేబీలే మావయ్యా” అంటుంది. ఆ పిల్ల డైరెక్టర్ అభిజిత్ దగ్గర అసిస్టెంటు. మామయ్య ఒక నవల రాశాడని అతనికి చెప్పింది ఆమే. అభిజిత్‌కి తెలుగు రాదు, ప్రణతికి చదవడం రాదు, నాకేమో అప్పుడే కంటి ఆపరేషన్ అయింది, పుస్తకం పట్టుకోవద్దన్నారు. అందుకని వేసవి మధ్యాహ్నాలు భాను వంటింట్లో కూర్చుని, నవల పైకి చదువుతూ వాయిస్ మెసేజ్‌లు పంపింది. ప్రణతి విని అభిజిత్‌కి బెంగాలీలో చెప్పింది.

భాను అక్షరం పొల్లుపోకుండా చదివి ఉంటుంది. ఇటు గదిలో నేను కునుకు తీస్తూ వినేవాణ్ణి. నా వాక్యాలే నాకు జోల పాడేవి. ఆఖరి పేజీ దాకా మెలకువగా ఉన్న రోజు ఒక్కటీ లేదు, అది వేరే సంగతి.

ప్రణతికి అబద్ధం ఆడటం రాదు. కాబట్టి అభిజితే.

నవంబరు 18

సమీర పూర్తిగా కల్పిత పాత్ర.

నవంబరు 22, శనివారం

నిన్న సినిమా విడుదలైంది. ఇవాళ తెలుగు సంఘం వాళ్ళు శాలువా కప్పి, ‘సినిమా ముగింపు కథకి నప్పిందా’ అని చర్చ పెట్టారు. హాల్లో ఉన్నవాళ్ళందరూ సినిమా చూశారు. నవల చదివినవాళ్ళు చేతులెత్తమంటే గోడ మీది గడియారం కూడా కదలలేదు. అధ్యక్షుడు రఘురాం గారు మాత్రం “చదవాలనే ఉందండీ” అన్నారు. ఆయనకి ముప్ఫై ఏళ్ళుగా ఉంది.

నేను లేచి అసలు ముగింపు చెప్పాను. గొంతు కాస్త తగ్గించి, ఆఖరి రెండు వాక్యాల దగ్గర ఆగి ఆగి చెప్పాను. ఒకావిడ పక్కావిడతో, “అమ్మయ్య, సినిమావాళ్ళు బాగు చేశారు” అంది.

అప్పుడు సాల్ట్ లేక్‌లో ఏదో కంప్యూటర్ కంపెనీలో పనిచేసే సునీత అనే అమ్మాయి లేచింది. వరంగల్ పిల్ల. “అంకుల్, ఒకటి అడగనా? పడవ ఎక్కిండా ఎక్కలేదా అని అందరు కొట్లాడుతున్నరు గని, గా భార్య ఏమైంది? సిన్మాల ఆమె మొకమే సరిగ్గ చూపియ్యలే. మీ బుక్కులనన్న ఉన్నదా?”

“తలుపు తీస్తుంది” అన్నాను.

“తీసినంక?”

“కథకి అంతవరకే అవసరం.”

“ఆమె పేరేంది అంకుల్?”

పేరు పెట్టలేదని చెప్పాను. పేరు లేకపోవడం వల్ల ఆ పాత్రకి సార్వజనీనత వస్తుందని కూడా చెప్పాను. ఆ అమ్మాయి “ఓ” అని కూర్చుంది. కంప్యూటర్లు చదివిన వాళ్ళకి సాహిత్యం ఎక్కడ ఎక్కుతుంది? ముందు వరసలో ఉన్న భాను, తన చేతిలోని సింగాడా, అదే ఇక్కడి సమోసా, ప్లేటు వంక చూస్తూ కూర్చుంది. తినలేదు.

నవంబరు 23

జూట్ మిల్లు డిస్పెన్సరీకి రోజూ బౌరియా నుంచి పడవలో డ్యూటీకి వచ్చే మేరీరాణి అనే నర్సు ఒకామె ఉండేది. భానుకి టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇంటికొచ్చి ఇంజెక్షన్లు వేసింది. మంచి మనిషి. సాయంత్రం పడవకి వెళ్ళిపోయేది. రేవు బ్యాంకు నుంచి ఇంటికి వచ్చే దారిలోనే ఉంది, కాస్త చుట్టు తిరిగితే.

ఆమెకీ సమీరకీ ఏ సంబంధమూ లేదు. నా డైరీలో నేను ఇది రాసుకోవలసిన అవసరమే లేదు.

నవంబరు 26, బుధవారం

టాలీగంజ్‌లో అభిజిత్ ఆఫీసుకి వెళ్ళాను. చెప్పవలసిన మాటలు మెట్రోలో కూర్చుని బెంగాలీలో వల్లించుకున్నాను. నా బెంగాలీ చేపల బజారులో బాగానే పనిచేస్తుంది. కళాద్రోహం లాంటి విషయాల దగ్గరికొచ్చేసరికి కొంచెం తడబడుతుంది.

అభిజిత్ నన్ను చూస్తూనే లేచి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ద్రోహులకి మర్యాద ఎక్కువ. “గోబిందో దా, మీ ఆఖరి సీను విన్న రోజు నేను భోజనం చెయ్యలేదు” అన్నాడు. బెంగాలీల నోట్లో నా పేరు అలా గుండ్రమవుతుంది, దా అంటే అన్నయ్య.

“అది నా సీను కాదు.”

అతను ప్రణతి వంక చూశాడు. ప్రణతి నా వంక చూసింది. “అత్త చదివిందే కదా మావయ్యా మేము తీసింది. మీ బుక్‌లో వేరేగా ఉందా? శొత్తి? నిజంగా?”

ఫోన్ తీసి పెట్టింది. భాను గొంతు. వెనకాల కుక్కర్ కూత. కూత ఆగేదాకా ఆగి, తీరిగ్గా చదివింది. ‘మాధవ్ హృదయం హుగ్లీ కెరటమై ఎగిసింది. అతను నేలని వదిలాడు. నేల కూడా అతన్ని వదిలింది. తుమ్మెద రెక్కల వంటి సంధ్యాకాంతిలో సమీర అరచెయ్యి తెరుచుకుంది.’

నా శైలి. నా కెరటం, నా తుమ్మెద, నా సంధ్యాకాంతి. ఒక్క అక్షరం నాది కాదు. ఆ మూడో వాక్యం నేను రాసి ఉంటే బాగుండేదని అక్కడే, ఆ కోపంలోనే అనిపించింది. ఇది ఎవరికీ చెప్పను.

“ఇంకా కొంచెం ఉంది మావయ్యా. వైఫ్ గురించి. అభిజిత్ దా వద్దన్నాడు, పడవ వెళ్ళిపోయాక హాల్లో ఎవరూ కూర్చోరట. పెట్టనా?”

అవసరం లేదన్నాను.

ఇంటికొచ్చేసరికి భాను బఠాణీలు ఒలుస్తోంది. చలికాలం వస్తే ఈ ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతుల్లోనూ బఠాణీలే. “ముగింపు మార్చింది నువ్వా?” అన్నాను.

“నేనే” అంది. ఒలవడం ఆపలేదు.

“నా నవల ముగింపు. నన్ను అడక్కుండా.”

“పైకి చదివేటప్పుడు ఏడుపు కాడ పుస్తకం మూసేయకూడదండీ. ఇంటికి మంచిది కాదు. మా నాయనమ్మ రామాయణం పారాయణ చేసిందంటే పట్టాభిషేకం కాడే ఆపేది. ఉత్తరకాండ ఇంట్లో ఉండేది కాని చదివేది కాదు. మనసులో చదువుకోండి, పరవాలేదు. నోటితో చదివితే మాత్రం శుభం కాడ ఆపాలి.”

“ఇది రామాయణం కాదు భానూ, నవల.”

“పైకే కదండీ చదివేను.”

నవంబరు 27

క్షమించేశాను. పాపం, ఆచారం. మా అత్తవారి ఊళ్ళో సీతమ్మని అడవికి పంపిన సంగతి తెలియనివాళ్ళు లేరు, కానీ పుస్తకం మాత్రం పట్టాభిషేకం దగ్గర టపీమని మూసేస్తారు. అట్లాంటి ఇంట్లో పెరిగిన మనిషి చేతికి ఆధునిక నవల ఇవ్వడం నాదే పొరపాటు. ప్రపంచ సాహిత్యాన్నంతా వీళ్ళ నాయనమ్మ చేతిలో పెడితే వారంలో అందరికీ పెళ్ళిళ్ళు చేసేసేది.

క్షమించిన విషయం భానుకి చెప్పాను. “సరేనండి” అంది. బఠాణీల కచోరీ బాగా కుదిరింది.

డిసెంబరు 3

సినిమా ఆడుతూనే ఉంది. చేపలవాడు ఇలిశ ముక్క ఒకటి ఎక్కువ వేసి, “దాదా, ఈ వయసులో దూకకండి” అన్నాడు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ నా మోకాళ్ళ వంక గౌరవంగా చూస్తున్నాడు. బడ్జ్ బడ్జ్ రేవులో కుర్రజంటలు కదిలే పడవలోకి దూకుతూ ఫొటోలు తీసుకుంటున్నారట, ఫెర్రీవాళ్ళు ఈల వేసి తిడుతున్నారట. నేను రాసిన త్యాగం ఈల వేస్తేగాని ఆగని పరిస్థితికి వచ్చింది.

ఎక్కాడని అందరూ నమ్ముతున్నారు. ఎక్కలేదని రుజువు చేసుకోవడానికి నాకు మిగిలినది భాను ఒక్కతే.

డిసెంబరు 7, ఆదివారం

భోజనాలయ్యాక నవ్వులాటకే మొదలుపెట్టాను. “పట్టాభిషేకం అన్నావు సరే, సింహాసనం ఎక్కించవలసినవాణ్ణి పడవ ఎక్కించి పంపేశావు. ఇదెక్కడి పట్టాభిషేకం?”

భాను ఎదురుగా కుర్చీలో కూర్చుంది. చేతిలో బఠాణీలు లేవు, ఏమీ లేవు. అలా ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

“పట్టాభిషేకం ఆయనకని ఎవరన్నారు?”

“మరెవరికి?”

“పడవ వెళ్ళిపోయేక ఇంకా చదివేను. ప్రణతి వినిపించలేదేటి?”

“నేనే వద్దన్నాను.”

“ఆ డైరెక్టరూ వద్దన్నాడు, మీరూ వద్దన్నారు. ఆ ఒక్క విషయంలో మీ ఇద్దరికీ బాగా కుదిరింది.” అప్పుడు చెప్పింది, నా శైలిలో కాదు, తన మాటల్లో. “ఆయన పడవెక్కి వెళ్ళిపోయేడు. ఇంటి కాడ ఆవిడ కొంతసేపు చూసింది. చూసి, తలుపు గడియ పెట్టింది. అన్నం అప్పుడే దింపింది, పొగలొస్తంది. కంచం పెట్టుకుంది. వంకాయ పచ్చడి, నెయ్యి. వేడివేడిగా తింది. అంతే. శుభం.”

“ఇంతేనా?”

“ఇంతే. మీకు చిన్నదే.”

నేను నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాను. ఆమె ఆగలేదు.

“బడ్జ్ బడ్జ్‌లో మీరు రేవు కాడ నిల్చుని ఆలస్యంగా వచ్చేవారు. వండిన అన్నం చల్లారిపోయేది. మీకు చల్లన్నం సయించదు. మళ్ళీ ఎసరు పెట్టేదాన్ని. చల్లారింది నేను తినేదాన్ని. పుస్తకంలో ఏటి రాసేరు, భార్య ఏమీ అడగలేదనా? అడిగేనండి. తలుపు తియ్యగానే అడిగేదాన్ని, ఆకలేస్తందా అని. రోజూ అడిగేను. అది రాయలేదు మీరు. రాసుంటే ఆ విమర్శకుడికి అంత పేరా వచ్చేది కాదు.”

“భానూ, అదంతా కల్పితం.”

“నాదీ కల్పితమే” అని లేచి కంచాలు తీసేసింది.

డిసెంబరు 8

అన్నం పెట్టింది. పొగలొస్తున్నాయి. తినలేకపోయాను అని రాస్తే బాగుంటుంది. తిన్నాను. మారు కూడా వేయించుకున్నాను.

డిసెంబరు 9

సునీత అనే ఆ అమ్మాయి ఏ ఊరన్నది? వరంగల్. తెలివైన పిల్ల. ఆమె అడిగిందే నాకు ఒంటికి పడలేదు.

డిసెంబరు 10, బుధవారం. పొద్దున

భాను నీలం చీర కట్టుకుని, శాలువా కప్పుకుని, గుమ్మంలో నిలబడి అంది, “బౌరియా వెళ్తన్నాను.”

“ఎందుకు?”

“ఇన్నేళ్ళనుంచి వింటన్నాను కదా, అవతలొడ్డు ఏటుందో చూద్దామని.”

“ఎప్పుడొస్తావు?”

“పడవని బట్టి.”

నేను వస్తానని అనలేదు. తను రమ్మనీ అనలేదు. నిజానికి నేను ఆ పడవ ఎప్పుడూ ఎక్కలేదు. నవలలో దాని తెరచాప గురించి రెండు పేజీలున్నాయి. అది ఇంజను పడవ అని తర్వాత ఎవరో చెప్పారు.

మధ్యాహ్నం

ఫోన్ చేశాను. వంటింట్లో మోగింది. ఛార్జింగ్‌కి పెట్టి మరిచిపోయింది. లేదా పెట్టి వెళ్ళింది.

పొద్దున్నే వండి వెళ్ళిన అన్నం మూత తీసి చూశాను. చల్లగా ఉంది. మూత పెట్టేశాను.

సాయంత్రం

చీకటి పడుతోంది, ఇంకా రాలేదు. సియాల్దా నుంచి లోకల్ రైలు, అక్కణ్ణుంచి రేవు, పడవ. పొద్దున వెళ్ళిన మనిషి ఈపాటికి రెండు సార్లు వెళ్ళి రావచ్చు.

ప్రణతికి ఫోన్ చేశాను. భాను వాళ్ళింటికీ రాలేదట. “భయం ఏంటి మావయ్యా, అత్త చిన్నపిల్లా?” అంది. భయం అని నేను అననే లేదు. కానీ భయమే. భాను రాకపోతే? గడియ ఇవతలి వైపు ఉంది, నేను ఇవతలి వైపు ఉన్నాను, ఎవరిని బయట పెట్టాలో తెలియడం లేదు.

సినిమా ముగింపు కథకి నప్పలేదని మూడు వారాలుగా ఊరందరికీ చెప్పాను. సంఘంలో చెప్పాను, టాలీగంజ్ వెళ్ళి చెప్పాను. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే, ఇన్నేళ్ళు చల్లన్నం తిన్న మనిషి అవతలొడ్డుకి వెళ్ళి మళ్ళీ ఈ గుమ్మంలోకి రావడం కథకి నప్పుతుందా? నప్పదు. ఏ విమర్శకుణ్ణి అడిగినా నప్పదనే అంటాడు. చవకబారు ముగింపు, వయొలిన్ల ముగింపు.

రావాలి.

బియ్యం కడిగాను. నీళ్ళు ఎన్ని పొయ్యాలో తెలియలేదు. ఎక్కువే పోశాను. కుక్కర్ ఎప్పుడు కట్టాలో కూడా తెలియలేదు. ఇంతలో బెల్లు మోగింది.

డిసెంబరు 11

నిన్నటిది పూర్తి చెయ్యాలి.

తలుపు తీశాను. భాను. శాలువా మీద నది గాలికి చెదిరిన జుట్టు. “ఇంత ఆలస్యమైందేం?” అన్నాను.

“పడవ దొరకలేదు” అంది, చెప్పులు విడుస్తూ.

వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ కట్టేసి వచ్చాను. “అవతల ఏముంది?”

“ఏటుంటాది? టీ కొట్టు, సైకిల్ రిక్షాలు. మేరీరాణి ఇల్లు ఆ వెనకాలే.”

నేనేమీ అడగలేదు. అడగకపోయినా చెప్పింది. “రిటైరయ్యి మనవలతో ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది, టైఫాయిడ్ కదా అంది. మీ పేరు చెప్తే మాత్రం చాలాసేపు ఆలోచించింది పాపం. ‘రేవులో గొడుగు మర్చిపోయే ఆఫీసరు గారా?’ అంది. సినిమా చూసిందంట. బాగుందంట, కాని హీరోయిన్‌కి ఇంజెక్షన్ పట్టుకోవడం రాదంది.”

“నవల గురించి?”

“నవలుందని తెలీదండి ఆవిడికి.”

ఆ మాట కూడా మెల్లగానే చెప్పింది. ముప్ఫై ఏళ్ళ నా త్యాగం రేవులో గొడుగులా ఉండిపోయింది. నవ్వొచ్చింది. నవ్వితే భాను కూడా నవ్వింది. ఇద్దరం ఒకే విషయానికి నవ్వామని మాత్రం అనుకోను.

కంచం పెట్టాను. వంకాయ పచ్చడి చెయ్యడం నాకు రాదు. ఆవకాయ సీసా తెచ్చి పెట్టి, నెయ్యి వేశాను. అన్నం పొగలు కక్కుతోంది. ముద్దలా ఉంది. భాను కంచం వంకా, నా వంకా చూసింది.

“ఆకలేస్తోందా?” అని అడిగాను.

భాను అన్నం కలుపుకుంది. వేళ్ళు కాలి ఊదుకుంది. “మెత్తబడిపోయింది” అంది.

“వేడిగా ఉందా?”

“ఉంది” అంది. కొంచెం తిన్నాక, “మీరు కూర్చోరా?” అంది.

తర్వాత తింటానన్నాను. మారు వడ్డించాను, నీళ్ళు పెట్టాను. ఆమె తీరిగ్గా, పడవ సంగతులు చెప్తూ, కంచం శుభ్రంగా ఖాళీ చేసింది. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. అప్పుడు నేను వడ్డించుకున్నాను. అన్నం చల్లారిపోయింది.

భాను ఎసరు పెట్టడానికి లేవలేదు.